మోనోకాక్ పికప్ అసలైన ట్రక్కేనా? ఆటోనగర్ పద్ధతిలో తేల్చుకోవడం ఎలా

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక, ఒకప్పుడు టెక్సాస్ వాళ్ళకే పరిమితమైన వాదన ఒకటి ఇప్పుడు మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. అడుగున విడి ఉక్కు చట్రం (ఛాసిస్) లేకుండా బాడీ అంతా ఒకే నిర్మాణంగా ఉండే పికప్‌ను మోనోకాక్ పికప్ అంటారు. డాలస్‌లో అలాంటి ఫోర్డ్ మావెరిక్ కొనుక్కున్న బావమరిదిని తోటి ఉద్యోగులు అది తొట్టి తగిలించిన కారే గానీ ట్రక్కు కాదని ఆటపట్టిస్తారు. ఇక్కడ విజయవాడ ఆటోనగర్‌లో, అంటే బండ్ల మరమ్మతు షెడ్ల పేటలో, అదే సంగతి అడిగితే, ఛాసిస్ లేని బండి బరువేం మోస్తుందని మెకానిక్ ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. ఇద్దరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు, కానీ ఇద్దరూ కొలవవలసిన దానిని కొలవకుండానే తీర్పు ఇస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఒక పికప్ ఎంత బరువు మోస్తుందన్నది దాని అడుగున విడిగా ఛాసిస్ ఉందా లేదా అన్న దానిని బట్టి తేలదు. ఇరుసులు, స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు కలిసి దానిని తేలుస్తాయి, ఆ లెక్క కాగితం మీద రాసి ఉంటుంది. ఛాసిస్ తేల్చేవి వేరే ఉన్నాయి: బండి ఎంత మెలికను ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది, వెనుక ఎంత బరువును లాగగలదు, దాని మీద ఎలాంటి బాడీ కట్టించుకోవచ్చు, దెబ్బ తగిలితే ఎక్కడ, ఎంతలో బాగవుతుంది. కాబట్టి కొనదలచిన బండి అసలైన ట్రక్కు కిందికి వస్తుందో రాదో తేల్చుకోవడానికి ఈ కింది వరుసలో పరిశీలించడం మంచిది.

ముందుగా బండి కిందికి చూడండి

బ్రోషరు పక్కన పెట్టి, టార్చిలైటు ఒకటి చేతపట్టుకుని బండి వెనుక బంపరు దగ్గర గొంతుక్కూర్చోండి. బొలెరో పికప్ కింద చూస్తే తొట్టి అడుగున ముందు నుంచి వెనుక దాకా సాగిన రెండు లావాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అక్కడక్కడ అడ్డ దూలాలు కనిపిస్తాయి. లాడర్ ఫ్రేమ్ ఛాసిస్ అంటే ఇదే. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, క్యాబిన్, తొట్టి అన్నీ విడివిడిగా తయారై వచ్చి ఈ దూలాలకే బిగుసుకుంటాయి. ఇంకొంచెం ముందుకు వంగి క్యాబిన్ అడుగున చూస్తే, దూలానికి పక్కగా పొడుచుకొచ్చిన బ్రాకెట్టు మీద గుండ్రటి నల్లని రబ్బరు దిమ్మ, దాని గుండా పై నుంచి దిగిన పొడవాటి బోల్టు కనబడతాయి. దూలం వణికినా, మెలి తిరిగినా ఆ కదలికలో చాలా భాగాన్ని ఆ రబ్బరే మింగేస్తుంది. పాత బండిలో ఆ రబ్బరు పగిలి చదునైపోయి ఉంటే క్యాబిన్ ఒక పక్కకు వాలుతుంది. సెకండ్ హ్యాండ్ పికప్ చూసేవారు మొదట చూడవలసిన చోటు కూడా అదే.

ఇప్పుడు పక్కనే మారుతీ ఈకో కార్గో ఉంటే దాని కింద చూడండి. అక్కడ విడి దూలాలు ఉండవు. నేల రేకు, దానికే వెల్డింగు చేసిన పెట్టె ఆకారపు మడతలు, పక్క గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ స్పాట్ వెల్డింగు చుక్కలతో ఒకే నిర్మాణంగా కలిసి ఉంటాయి. మోనోకాక్ అంటే ఈ కట్టడమే. ఇన్నోవా క్రిస్టా, హైక్రాస్ రెండూ నడిపిన ట్యాక్సీ యజమానులకు ఈ తేడా ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు: క్రిస్టాకు విడిగా ఛాసిస్ ఉంది, 2022 నవంబరులో బయటికి వచ్చిన హైక్రాస్‌కు లేదు, రెండింటి పేరు ముందూ ఇన్నోవా ఉంది.

క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు ఉంటే ఛాసిస్ బండి, లేకపోతే మోనోకాక్ అని కొందరు దూరం నుంచే చెప్పేస్తారు. ఆ గుర్తు చాలాసార్లు పనిచేస్తుంది కానీ నమ్మదగినది కాదు. 1980ల మధ్యలో వచ్చి 1992 వరకూ నడిచిన జీప్ కొమాంచీకి సందూ ఉంది, విప్పదీయగల తొట్టీ ఉంది, అయినా దాని క్యాబిన్ భాగం మోనోకాక్ కట్టడమే. 2016లో వచ్చిన రెండవ తరం హోండా రిడ్జ్‌లైన్‌లోనూ క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సంప్రదాయ ట్రక్కుల్లో ఉన్నట్టే గీత కనిపిస్తుంది, కింద మాత్రం అంతా ఒకే నిర్మాణం.

కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటేనే ట్రక్కు అన్న గుర్తు కూడా ఇలాంటిదే. మన అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మోనోకాక్ కట్టడం. అయినా దాని వెనుక ఉన్నవి కమాన్ కట్టలే. దానికి భిన్నంగా, స్కార్పియోకు ఛాసిస్ ఉంది, వెనుక ఉన్నవి కాయిల్ స్ప్రింగులు. పల్లెటూళ్ళలో పెళ్ళివారినందరినీ ఒక్క అంబాసిడర్‌లో కుక్కి తీసుకెళ్ళిన రోజుల్లో దీనికి ఛాసిస్ లేదు కదా అని దిగిపోయినవారు ఎవరూ లేరు.

ఒకే నిర్మాణం అయినప్పుడు చిక్కు ఎక్కడ వస్తుంది

మూసి ఉన్న అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టండి, అది లొంగదు. మూత కోసేసి మళ్ళీ మెలిపెట్టండి, సులువుగా వంకరపోతుంది. మోనోకాక్ కారు గట్టిదనం ఆ మూసిన పెట్టె నుంచే వస్తుంది, పైకప్పు, వెనుక స్తంభాలు కూడా అందులో పనిచేసే భాగాలే. పికప్ చేయడమంటే సరిగ్గా ఆ వెనుక సగం పైకప్పును కోసేయడం. అందుకని మోనోకాక్ పికప్ తయారు చేసేవాడు పోయిన గట్టిదనాన్ని ఇంకెక్కడో తిరిగి పెట్టాలి. 2005లో వచ్చిన మొదటి తరం రిడ్జ్‌లైన్‌లో క్యాబిన్ పైభాగం నుంచి తొట్టి గోడల మీదికి ఏటవాలుగా దిగిన రెక్కలు అందుకోసం పెట్టినవే, అందం కోసం కాదు. దానితో పాటు నేలలో మూసిన పెట్టె ఆకారపు దూలాలను కూడా హోండా కలిపేసింది. అవి విప్పదీసే ఛాసిస్ కాకపోయినా, బరువు ప్రయాణించే దారి మాత్రం ఛాసిస్ బండిలో ఉన్నట్టే ఉంటుంది. ఆ రెక్కల వల్ల పక్క నుంచి తొట్టిలోకి వంగి సామాను అందుకోవడం కష్టమన్న విమర్శ దానికి వచ్చింది.

లాడర్ ఫ్రేమ్ సంగతి దీనికి తలకిందులు. నిలువుగా పడే బరువుకు ఆ రెండు దూలాలు ఎంతో గట్టివి, మెలికకు మాత్రం అంత గట్టివి కావు, కావాలని కూడా ఎవరూ కోరరు. గతుకుల్లో దూలం కాస్త మెలి తిరుగుతుంది, పైనున్న క్యాబిన్, తొట్టి వేటికవి రబ్బరు దిమ్మల మీద సర్దుకుంటాయి, మధ్యనున్న సందు ఆ కదలికకు చోటు ఇస్తుంది. 1961లో ఫోర్డ్ తన ఎఫ్ శ్రేణి ట్రక్కుల్లో కొన్నింటికి, కింద ఛాసిస్‌ను అలాగే ఉంచి, పైన క్యాబిన్‌ను, తొట్టిని కలిపి ఒకే ముక్కగా చేసింది. బరువెక్కించి గతుకుల్లో నడిపితే డోర్లు పట్టేస్తాయన్న పేరు దానికి వచ్చింది, రెండు మూడేళ్ళకే ఫోర్డ్ మళ్ళీ విడి తొట్టికి వచ్చేసింది. సగం ఈ పద్ధతి, సగం ఆ పద్ధతి కలిపితే రెండింటి సుఖమూ దక్కదన్నది అప్పుడే తెలిసింది.

ఆర్‌సీ తీసి తీసివేత చేయండి

వాదనలో ఎక్కువ భాగం ఇక్కడే ముగిసిపోవాలి, కానీ ఈ పని చేసేవారు తక్కువ. ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు; రెండవది జీవీడబ్ల్యూ, అంటే మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి ఆ బండి రోడ్డు మీద ఉండగల గరిష్ఠ బరువు. రెండవ దాని నుంచి మొదటి దానిని తీసివేస్తే మిగిలేదే ఆ బండి మోయగల బరువు. ప్రైవేటు రిజిస్ట్రేషన్ బండి ఆర్‌సీలో జీవీడబ్ల్యూ కనిపించకపోతే, తయారీదారు బిగించిన ప్లేటు మీదో, ఓనర్స్ మాన్యువల్‌లోనో దొరుకుతుంది.

లెక్క కోసం ఒక ఊహా బండిని తీసుకుందాం. జీవీడబ్ల్యూ 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,750 కిలోలు అయితే మిగిలేది 1,200 కిలోలు. మోటారు వాహనాల చట్టం చెప్పే అన్‌లాడెన్ వెయిట్‌లో డ్రైవరు గానీ, సహాయకుడు గానీ ఉండరు కనుక వాళ్ళిద్దరి బరువు ఈ 1,200లో నుంచే పోవాలి. తరువాత మీరు బిగించుకున్న ఇనుప క్యారియరు, తొట్టి మీది గొట్టాల చట్రం, టార్పాలిన్, తాళ్ళు వంటివి పోవాలి. సరుకుకు మిగిలేది సుమారు 1,000 కిలోలే. అయిదుగురు కూర్చునే డబుల్ క్యాబ్ అయితే మనుషులకే 350 కిలోల దాకా పోతుంది. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ వంటి ఖరీదైన డబుల్ క్యాబ్ బండ్లు పక్కా ఛాసిస్ బండ్లే, వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది కూడా. అయినా వాటి కాగితాలు తీసి ఈ తీసివేత చేస్తే వచ్చే సంఖ్య, వాటిలో సగం ధరకు కూడా చేరని బొలెరో పికప్ 1.7టీ మోసే 1,700 కిలోలకు దరిదాపుల్లో ఉండదు. ఛాసిస్ ఉంటే చాలు బరువు మోస్తుందన్న మాట నిలబడనిది ఇక్కడే.

మోనోకాక్ వైపు నుంచి కూడా ఇదే లెక్క చూడండి. ఫోర్డ్ మావెరిక్ మోసే బరువు 1,500 పౌండ్లు, అంటే సుమారు 680 కిలోలు, రిడ్జ్‌లైన్ కూడా ఆ చుట్టుపక్కలే. 2016లో బ్రెజిల్‌లో వచ్చిన ఫియట్ టోరో డీజిల్ రకం మోనోకాక్ కట్టడంతోనే ఒక టన్ను మోస్తుందని తయారీదారు ప్రకటించాడు. టన్ను సామాను మోసే బండిని ట్రక్కు కాదనడానికి దాని కింద విడి దూలాలు లేవన్న కారణం ఒక్కటీ సరిపోదు. అమెరికాలో ఉన్నవారికి ఈ లెక్క ఇంకా సులువు. డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న తెలుపు పసుపు స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత దాటకూడదో ఆ ప్రత్యేకమైన బండికి అందులోనే రాసి ఉంటుంది. బావమరిదికి ఆ స్టిక్కరు ఫోటో తీసి పంపమని చెప్పండి, ఆటపట్టించే ఉద్యోగుల ట్రక్కు స్టిక్కరు ఫోటో కూడా పంపమనండి. ఖరీదైన సీట్లు, పెద్ద చక్రాలు, సన్‌రూఫ్ అన్నీ నింపిన పెద్ద ట్రక్కుల స్టిక్కరు మీద కూడా ఒక్కోసారి చాలా చిన్న సంఖ్యే ఉంటుంది.

లాగడం వేరే సంగతి. మావెరిక్ మామూలుగా 2,000 పౌండ్లు, దానికోసం ప్రత్యేక ప్యాకేజీ తీసుకుంటే 4,000 పౌండ్లు, అంటే సుమారు 1,800 కిలోలు లాగుతుంది. రిడ్జ్‌లైన్ 5,000 పౌండ్లు, సుమారు 2,270 కిలోలు. పెద్ద ఛాసిస్ ట్రక్కు అయిన ఫోర్డ్ ఎఫ్-150 సరైన ఇంజను, ప్యాకేజీతో ఆరు టన్నుల దాకా లాగుతుంది. ట్రైలరు కుదుపు, బ్రేకు వేసినప్పుడు వెనుక నుంచి వచ్చే తోపుడు నేరుగా రెండు దూలాల్లోకి దిగడమే ఇందులో ఛాసిస్‌కు ఉన్న లాభం. పడవనో, గుర్రాల ట్రైలరునో వారం వారం లాగే టెక్సాస్ మనిషి మోనోకాక్ బండిని ట్రక్కు కాదంటే అతని అవసరానికి ఆ మాట న్యాయమే. మన దగ్గర పికప్ వెనుక ట్రైలరు కట్టేవారు అరుదు, ఆ పని ట్రాక్టరు చేస్తుంది. అందుచేత ఈ భాగాన్ని మన కొనుగోలుదారులు పెద్దగా పట్టించుకోనక్కరలేదు.

సరుకు బరువుదా, జాగాదా

బరువు సంఖ్య తేలిన తరువాత సరుకు స్వభావం చూడాలి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చేవారి ఇబ్బంది ఒకటి, సిమెంటు షాపు నడిపేవారి ఇబ్బంది మరొకటి. మిర్చి టిక్కీ (బస్తా) 40 నుంచి 45 కిలోల దాకా తూగుతుంది కానీ, దాని పరిమాణం బరువుకు మించినది. 680 కిలోలు మోసే మోనోకాక్ పికప్‌లో బరువు లెక్కన పదిహేను టిక్కీల దాకా పట్టాలి, కానీ మావెరిక్ తొట్టి పొడవు నాలుగున్నర అడుగులే. అడుగు వరుస వేసి, దాని మీద రెండో వరుస వేసేసరికే సరుకు గోడల కన్నా పైకి లేస్తుంది, మూడో వరుసకు తాడు కట్టినా మలుపులో భయమే. తొట్టి తొమ్మిది అడుగులకు దగ్గరగా ఉండే బొలెరో పెద్ద పికప్‌లో అవే టిక్కీలు పరచినట్టు కూర్చుంటాయి. మిర్చి, పసుపు, అరటి గెలలు, ప్లాస్టిక్ సామాను వంటి వాటికి బండిలో మొదట చాలనిది జాగా. అక్కడ మోనోకాక్ ఓడిపోయేది గట్టిదనం వల్ల కాదు, పొట్టి తొట్టి వల్ల.

సిమెంటు బస్తా 50 కిలోలు. పదమూడు బస్తాలకే 650 కిలోలు అయిపోతుంది, తొట్టిలో ఇంకా చోటు మిగిలే ఉంటుంది, ఆ ఖాళీ చోటే ప్రమాదం. ఇంకో అయిదు వేద్దాం, చోటుంది కదా అన్న మాట దగ్గరే ఇరుసులు వంగుతాయి. గ్రానైటు పలకలు, ఇనుప చువ్వలు, టైల్సు కూడా ఇదే జాతి. ఇటువంటి సరుకును వెనుక చక్రాల ఇరుసు మీదికి, వీలైతే కాస్త ముందుకు వచ్చేలా పేర్చాలి. వెనుక డోరు దగ్గర పోగు పెడితే ఏ కట్టడమైనా తోక వాల్చుతుంది. మెత్తని కాయిల్ స్ప్రింగులున్న మోనోకాక్‌లో ఆ వాలు ఇంకా ఎక్కువ. తోక వాలిన బండి హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్ళలోకి కొడతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. కమాన్ కట్టల బండి ఇక్కడ నిబ్బరంగా నిలుస్తుంది, అందుకు బదులుగా ఖాళీగా వచ్చేటప్పుడు నడుము విరగగొడుతుంది.

మోనోకాక్‌కు మేలు చేసే విషయం ఒకటి చాలామంది గమనించరు. కింద లోతైన దూలాలు లేకపోవడం వల్ల తొట్టి నేలను కిందికి దించవచ్చు. బస్తాను భుజం ఎత్తుకు లేపడానికీ, నడుము ఎత్తులో నెట్టేయడానికీ తేడా ఎంతో యార్డులో ముఠా కూలీలను అడిగితే చెబుతారు. రోజుకు నలభై చోట్ల ఆగి చిన్న చిన్న పెట్టెలు దించే పంపిణీ పనిలో, విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో తిరిగే బండికి, ఈ తక్కువ ఎత్తు ఛాసిస్ బలం కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఈకో కార్గో ఆ పనిలో అంతగా కనిపించడానికి ఇది ఒక కారణం.

దారి ఎలాంటిదో చూసుకోండి

విజయవాడ నుంచి గుంటూరుకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద, కాజ టోల్‌ప్లాజా గుండా రోజూ తిరిగే బండికి మెలిక బాధ దాదాపు లేదు. అటువంటి దారిలో మోనోకాక్ తేలికగా ఉండి ఇంధనం ఆదా చేస్తుంది, వేగంలో నిలకడగా ఉంటుంది, బ్రేకులు, స్టీరింగు కారులా పనిచేస్తాయి. కృష్ణా నది లంకల్లోకి, నల్లరేగడి పొలం దారుల్లోకి, కాలువ గట్ల మీదికి వానాకాలంలో బరువుతో దిగే బండి సంగతి వేరు. అక్కడ ఎడమ ముందు చక్రం గోతిలో, కుడి వెనుక చక్రం మట్టి గడ్డ మీద ఉండి బండి మూలమూలకూ మెలి తిరుగుతుంది. ఒక్కసారి తిరిగితే మోనోకాక్‌కూ ఏమీ కాదు. ఏళ్ళ తరబడి, రోజుకు పదిసార్లు తిరిగినప్పుడు వెల్డింగు చుక్కల దగ్గర అలసట మొదలవుతుంది.

దీనిని టెస్ట్ డ్రైవ్‌లోనే పరీక్షించవచ్చు. ఒక వెనుక చక్రాన్ని మాత్రమే గట్టు మీదికో, బలమైన దిమ్మ మీదికో ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, నాలుగు డోర్లూ, వెనుక తలుపూ తెరిచి మూయండి. చదునైన చోట మూసుకున్నంత తేలికగా మూసుకుంటే నిర్మాణం గట్టిగా ఉన్నట్టు. గొళ్ళెం తన్నుకున్నా, డోరు అంచు స్తంభానికి రాసుకున్నా ఆ బండి మెలికను క్యాబిన్‌లోకి రానిస్తున్నదని అర్థం. ఛాసిస్ బండిలో అదే సమయంలో క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందును పక్క నుంచి చూడండి. పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు కనిపిస్తుంది, అది లోపం కాదు. పాత మోనోకాక్ బండికి ఈ పరీక్ష తప్పనిసరి అని నేను భావిస్తాను. కొత్త బండికి షోరూమువాడు ఒప్పుకోకపోతే పట్టుపట్టనక్కరలేదు.

ఆటోనగర్ ఏమంటుంది

మెకానిక్ మాటలోని అసలు బలం ఇక్కడ ఉంది. విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలు కట్టడంలో పేరు పడిన చోటు. ఛాసిస్ బండి కొన్నవాడు తొట్టి పాతబడితే విప్పి పక్కన పెట్టి కొత్తది బిగించుకుంటాడు. రెండేళ్ళు కూరగాయలు తోలిన బండి మీద నీళ్ళ ట్యాంకు పెడతాడు, తరువాత మూసిన బాక్సు కట్టిస్తాడు. దూలాలకు యూ-బోల్టులు పట్టించి ఇవన్నీ చేయవచ్చు. ఆర్‌సీలో ఉన్న బాడీ రకం మారితే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలన్నది మరువరాదు. కట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది: దూలం పై అంచుకూ, కింది అంచుకూ రంధ్రం పెట్టనివ్వకండి, వెల్డింగు చేయనివ్వకండి. బరువు పడినప్పుడు ఎక్కువ లాగుడు, నొక్కుడు ఆ అంచుల్లోనే ఉంటాయి, పగులు మొదలయ్యేది అక్కడే. బోల్టులు నిలువు ముఖానికే రావాలి. వెల్డింగు ఎక్కడ చేసినా ముందు బ్యాటరీ వైరు తీయించండి.

మోనోకాక్ పికప్‌లో ఈ స్వేచ్ఛ లేదు. తొట్టి గోడ కూడా బండి ఎముకల్లో ఒకటి, దానిని కోస్తే బండి బలం కోసినట్టే. వెనుక నుంచి లారీ గుద్దితే ఛాసిస్ బండి తొట్టిని దించి, దూలం నిటారుగా ఉందో లేదో కొలిచి, వంగితే సాగదీసి, వేరే తొట్టి వేస్తారు. మోనోకాక్ అయితే నలిగిన భాగాన్ని వెల్డింగు చుక్కల దగ్గర తొలిచి వేరు చేసి, కొత్త భాగాన్ని జిగ్ (కొలతలు తప్పకుండా బిగించి పట్టే చట్రం) మీద కొలతలకు కూర్చి మళ్ళీ అతకాలి. ఆ పరికరాలున్న వర్క్‌షాపులు విజయవాడలో ఉన్నాయి గానీ ప్రతి షెడ్డులో ఉండవు. ఖర్చు బండి విలువకు దగ్గరపడితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద రాసేస్తుంది.

తుప్పు విషయంలో కూడా తేడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఎన్నో వాహనాలను ముంచింది, వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూ ఉంటాయి. ఛాసిస్ బండి దూలం బయటికే కనిపిస్తుంది, గీకి చూడవచ్చు. మోనోకాక్‌లో బలమంతా డోర్ల కింద ఉండే మూసిన గొట్టాల్లో ఉంటుంది, బురద నీరు అందులో దూరి లోపలి నుంచి తినేస్తుంది. ఆ గొట్టం అడుగున నీరు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు వెతకండి. రబ్బరు బిరడా ఉంటే తీసి, సన్నని తీగ లోపలికి పోనిచ్చి బయటికి లాగండి. తీగకు మెత్తని బూడిద రంగు ఒండ్రు అంటుకుని వస్తే ఆ బండి మునిగిందనే అనుకోండి, మీటరు ఎంత చూపించినా, సీట్లు ఎంత కొత్తగా ఉన్నా. స్క్రూడ్రైవరు పిడితో గొట్టం పొడవునా తట్టుకుంటూ పోతే, గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు దబ్బుమంటుంది.

చట్టం ఏమంటుంది

మన చట్టం ఛాసిస్ ఉందా లేదా అని అడగదు. జీవీడబ్ల్యూ 7,500 కిలోలు దాటకపోతే తేలికపాటి మోటారు వాహనం (ఎల్ఎంవీ). ఎల్ఎంవీ లైసెన్సుతోనే ఆ పరిమితిలోని రవాణా వాహనాలనూ నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. జీవీడబ్ల్యూ 3,000 కిలోలు దాటని సరుకు రవాణా వాహనానికి పర్మిట్ అక్కరలేదు. పసుపు ప్లేటు బండికి ఎనిమిదేళ్ళ వరకూ రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తెల్ల ప్లేటు పికప్‌తో కిరాయి సరుకు తోలడం కుదరదు. అధిక లోడుకు 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయలు, దానిపై అదనపు టన్నుకు 2,000 రూపాయలు చొప్పున జరిమానా ఉంది. అది మోనోకాక్‌కు వేరు, ఛాసిస్‌కు వేరు కాదు.

అమెరికా చట్టం కూడా ఈ తగవులో దూరదు. దిగుమతి అయ్యే తేలికపాటి ట్రక్కులపై 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది, కోళ్ళ వ్యాపారం మీద ఐరోపాతో వచ్చిన గొడవ నుంచి పుట్టింది కనుక దానికి చికెన్ ట్యాక్స్ అని పేరు. సుబారు కంపెనీ 1970ల చివరలో తన చిన్న మోనోకాక్ పికప్ బ్రాట్‌ను ఆ సుంకం నుంచి తప్పించడానికి తొట్టిలో వెనుకకు తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ప్రయాణికుల కారుగా చూపించింది. ఆ సీట్లు లేకపోతే అది చట్టం దృష్టిలో ట్రక్కే అన్నమాట, కింద దూలాలు ఉన్నా లేకపోయినా.

ఎవరికి ఏది

రోజూ బరువు తోలి దాని మీదే బతికేవారు, ఈ జిల్లాల్లో, ఛాసిస్ బండినే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కారణం మోనోకాక్ బలహీనమని కాదు. పదేళ్ళలో బండి రెండు మూడు పనులు మారుతుంది, ఒకసారైనా దెబ్బ తింటుంది, ఆ రెండింటికీ ఆటోనగర్‌లో సులువుగా జవాబు దొరికేది ఛాసిస్‌కే. మన షోరూముల్లో దొరికే ఓపెన్ పికప్‌లలో ఎక్కువ భాగం అవే కనుక ఎంపిక కూడా సులువే. వారంలో అయిదు రోజులు కుటుంబంతో తిరిగి, వారాంతంలో తోటకు ఎరువు బస్తాలో, నర్సరీ మొక్కలో తీసుకెళ్ళే మనిషికి మాత్రం మోనోకాక్ పికప్ పూర్తిస్థాయి ట్రక్కే. డాలస్ బావమరిది ఈ కోవలోకే వస్తాడు. అతనికి ఛాసిస్ ట్రక్కు అంటగడితే ఏడాదంతా గతుకులు భరించి, ఏడాదికి రెండుసార్లు దాని బలం వాడుకుంటాడు. ఈ రెండింటి మధ్య ఉన్నవారు, అంటే డబుల్ క్యాబ్ కొని ఇల్లూ వ్యాపారమూ ఒకే బండితో నడపాలనుకునేవారు, ఎక్కువగా నష్టపోతుంటారు. వాళ్ళు ముందు చెప్పిన తీసివేత ఒకటికి రెండుసార్లు చేసుకోవాలి.

ఏ బండి తీసుకున్నా, మామూలుగా వేసే లోడుతో ఒకసారి వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్ళండి. ముందు మొత్తం బండిని తూచి, తరువాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా, ఆపైన వెనుక చక్రాలు మాత్రమే ఉండేలా ఆపి చీటీలు తీసుకోండి. మొత్తం బరువు జీవీడబ్ల్యూ లోపు ఉండి, వెనుక ఇరుసు బరువు మాత్రం మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి దాటితే, సరుకు తగ్గించనక్కరలేదు. బరువైన బస్తాలను క్యాబిన్ గోడ వైపు జరిపి మళ్ళీ తూయించండి. మొత్తమే దాటితే కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయించినంత మాత్రాన ఆర్‌సీలోని సంఖ్య పెరగదు, బ్రేకుల సత్తువా పెరగదు, దించవలసింది సరుకునే.